మెరకదారిలో మూడు చక్రముల బండి



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వారితో ఎత్తులెక్కుటను గూర్చి ప్రసంగించుట కొంత వింతగా తోచవచ్చును. ఈ మూడు పట్టణములును కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినవి. సముద్రమట్టమునకు పదునైదు మీటర్ల ఎత్తైనను లేని పల్లపు నేల మనది. కొండ చూడవలెనన్న మంగళగిరికో, కొండవీటికో, కోటప్పకొండకో పోవలసినదే. ఇట్టి చోట, బ్యాటరీతో నడచు మూడు చక్రముల బండిని మెరక ఎక్కించుటలో జాగ్రత్తలు చెప్పబూనుట అవసరమా యని మీలో కొందరు అనుకొనవచ్చును.

అవసరమేయని నా మనవి. సింహాచలము దారిలో బండి తోలువాడు నిత్యమును ఎత్తును చూచుచుండును. బండి కొనునపుడే అతడు ఎత్తును తలచును. మనము తలపము. చదునునేలపై తిరుగుటకని కొన్న బండితో, చదునునేలపై అలవడిన చేతితో, దినమునకు ఎన్నో మారులు మెరకలు ఎక్కి దిగుచున్నాము. మన ప్రాంతమున అపాయము ఎత్తులో కంటె ఆ ఏమరుపాటులో ఎక్కువగా ఉన్నది.

ఇంతకును మన మెరకలు ఎక్కడివి? 1855లో విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. దానికి బదులుగా కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో సిద్ధమైనది. అచ్చట సీతానగరము వైపున బయలుదేరిన నీరు దుగ్గిరాల చేరి, పాయలుగా చీలి మన పొలములకు వచ్చుచున్నది. నీరు పల్లమెరుగును. కావున పొలమునకు నీరు పారవలెనన్న కాలువ పొలముకంటె మెరకగా నడువవలెను. అందుకై కట్ట వచ్చినది. కట్టను, కాలువను దాటుటకు వంతెన వచ్చినది. ఆ కాలువలలో ఒకప్పుడు పడవలు నడచినవి. కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలియుటచేత కృష్ణ నుండి మద్రాసు వరకు జలమార్గ మేర్పడినది. పడవ క్రిందుగా పోవలెనన్న వంతెన వీపు పైకి లేవవలెను గదా! పడవలు పోవుట ఏనాడో ఆగిపోయినది. పడవకై పెంచిన ఎత్తు మాత్రము కొన్ని చోట్ల నిలిచియున్నది.

తెనాలి పట్టణము నడుమనే తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నము కాలువ అను మూడు కాలువలు పారుచున్నవి. ఇవిగాక రైలు మార్గములను దాటు పైవంతెనలు గలవు. రేపల్లె చెంత పెనుమూడిని, కృష్ణకు ఆవలి ఒడ్డుననున్న పులిగడ్డను కలుపు పెద్ద వంతెన 2006లో వాడుకలోనికి వచ్చినది. 216వ నంబరు జాతీయ రహదారి దాని మీదుగానే సాగుచున్నది. ఈ మెరకలన్నియు మనుష్యులు కట్టినవి. కాలువ వంతెనల మెరకలు పొట్టివి. కాని పలుచోట్ల ఒక్కసారిగా లేచును, ఒక్కసారిగా దిగును. దిగినంతనే దారి కాలువకట్ట వెంట మలుపు తిరుగును. మలుపు ప్రక్కన నీరుండును. కొండదారికిని మన దారికిని ఇదే భేదము. ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. మరల దీని వద్దకు వత్తును.

ఇక బండి మాట. బ్యాటరీతో నడచు మూడు చక్రముల బండ్లు మన వీథులలో ముఖ్యముగా మూడు విధములు. మనుష్యులను ఎక్కించుకొను బ్యాటరీ రిక్షాలు మొదటివి. సరకు మోయు బండ్లు రెండవవి. కాళ్ళు లేనివారు, నడువలేనివారు తాము కూర్చుండి నడుపుకొను బండ్లు మూడవవి. 2015లో మోటారు వాహనముల చట్టమును సవరించి బ్యాటరీ రిక్షాకు చట్టమున చోటు కల్పించిరి. నిబంధనల ప్రకారము ఆ రిక్షాలో డ్రైవరు గాక నలుగురు మాత్రమే ఎక్కవలెను. వారి సామాను 40 కిలోలకు మించరాదు. వేగము గంటకు 25 కిలోమీటర్లు దాటరాదు. సరకు బండి 310 కిలోలకు మించి మోయరాదు. ఈ అంకెలు పోలీసువారి కోసము వ్రాసినవని మనము తలచుచున్నాము. అవి మెరకదారి కోసము కూడ వ్రాసినవని నాకు ఒక సాయంకాలము తెలియవచ్చినది.

ఆనాడు తెనాలిలో రైలు దిగి బ్యాటరీ రిక్షా ఎక్కితిని. డ్రైవరు గాక ఆరుగురము. కాళ్ళవద్ద రెండు బియ్యపు బస్తాలు. చదునుదారిలో బండి చక్కగా సాగినది. కాలువ వంతెన ఎక్కునపుడు నడక క్రమముగా మందగించినది. నడిమికి ఇంక రెండు బారల దూరమున్నదనగా మోటారు చప్పుడు ఆగినది. బండి నిలిచినది. మరుక్షణమున వెనుకకు దొరలసాగినది. డ్రైవరు బ్రేకు తొక్కెను. అది పూర్తిగా పట్టలేదు. వెనుక సైకిలుపై బడి నుండి ఇంటికి పోవుచున్న ఒక బాలిక. ఆ పిల్ల కేక విని నా గుండె ఆగినంత పనియైనది. వంతెన గోడను ఆనుకొని కూర్చున్న ఒక వృద్ధుడు లేచి, అచ్చట పడియున్న రాతిని చక్రము వెనుకకు నెట్టెను. బండి ఆగినది. ఎవరికిని దెబ్బ తగులలేదు.

మేమందరము దిగితిమి. ఆ వృద్ధుడు నలువది యేండ్లు ఎద్దుబండి తోలినవాడట. అతడు డ్రైవరును కోపపడలేదు. మావైపు చూచి ఇట్లనెను: “ఎద్దయితే రొప్పుద్ది బాబూ. రిక్షా తొక్కే మనిషైతే చెమట కక్కుతాడు. దీనికి ఆ రెండూ లేవు. అందుకనే ఎవురూ దిగలా.”

ఈ ప్రసంగమున నేను చెప్పదలచినదంతయు ఆ మాటలోనే ఉన్నది. తక్కినది దానికి వివరణము మాత్రమే.

మోటారు పడు కష్టమును లెక్కకట్టి చూతము. మనుష్యులతో కూడ 700 కిలోల బరువుగల బండి చదునైన తారుదారిపై సాగుటకు సుమారు 14 కిలోల బరువును లాగునంత బలము చాలును. ఇరువది అడుగులకు ఒక అడుగు చొప్పున లేచు మెరకపై, దీనికి తోడు బండి బరువులో ఇరువదవ వంతు, అనగా 35 కిలోలు అదనముగా లాగవలెను. మొత్తము 49 కిలోలు. చదునుపై పడు శ్రమకు మూడున్నర రెట్లు. ఆ బండిలోనే ఇంకను నలుగురు ఎక్కిరనుకొందము. బరువు 940 కిలోలగును. అప్పుడు లాగవలసినది 66 కిలోలు. మనకు కంటికి కనబడునది మనుష్యులు మునుపటికంటె కొంచెము ఇరుకుగా కూర్చుండుట మాత్రమే.

ఈ బలమును ఇచ్చునది బ్యాటరీ. సాధారణముగా ఈ రిక్షాలలో 12 వోల్టుల సీసపు బ్యాటరీలు నాలుగు కలిపి 48 వోల్టులుగా అమర్తురు. గంటకు పది కిలోమీటర్ల వేగముతో చదునుపై పోవునపుడు మోటారు సుమారు 10 ఆంపియర్ల విద్యుత్తును తీసికొనునట్టి బండి, అదే వేగముతో పైన చెప్పిన మెరకపై 35 ఆంపియర్లకు పైగా తీసికొనును. తీగచుట్టలో పుట్టు వేడి ప్రవాహముతో సమముగా పెరుగదు. అది దాని వర్గమును అనుసరించును. మూడున్నర రెట్ల ప్రవాహమునకు వేడి పన్నెండు రెట్లగును. ఎద్దు రొప్పుట వంటిది ఈ వేడియే. కాని అది ఇనుప డొక్కలో దాగియుండుటచే మనకు తెలియదు.

ఉదయము ఎక్కిన వంతెనను అదే బండి సాయంకాలము ఎక్కలేకపోవుట మీలో పలువురు చూచియే యుందురు. దీనికిని కారణము కలదు. బ్యాటరీ నుండి ఎక్కువ విద్యుత్తును ఒక్కసారిగా లాగినపుడు దాని వోల్టేజి తగ్గును. నిండు బ్యాటరీ ఆ తగ్గుదలను ఓర్చుకొనును. నాలుగవ వంతు మిగిలిన బ్యాటరీ ఓర్చుకొనలేదు. వోల్టేజి ఒక హద్దునకు, సాధారణముగా 42 వోల్టుల ప్రాంతమునకు, దిగినంతనే కంట్రోలరు బ్యాటరీని కాపాడుటకై మోటారుకు విద్యుత్తును ఆపివేయును. చదునుపై ఇంకను కొన్ని మైళ్ళు పోగల బండి వంతెన నడిమిలో ప్రాణము పోయినట్లు నిలుచుటకు ఇదే హేతువు. కొంతసేపు ఆగిన వోల్టేజి మరల పైకి వచ్చును. దానిని చూచి, బరువు దింపక అచ్చటనే మరల ఎక్కింప యత్నించుట తగదు. నాలుగు గజములు పోయి మరల నిలుచును. మరల దొరలును.

కావున మొదటి జాగ్రత్త మెరకకు ముందే తీసికొనవలెను. సాయంకాలపు ట్రిప్పులకు మెరకదారి ఉన్నచో, మధ్యాహ్నము భోజనవేళ బండిని ఛార్జికి పెట్టుట మేలు. బ్యాటరీలలో నీటిమట్టమును, వాటి కొనల బిగువును వారమునకొకమారు చూచుకొనవలెను. వదులైన కొన చదునుపై పని చేయును. మెరకపై కాలును. టైర్లలో గాలి తక్కువైనచో లాగవలసిన బరువు ఊరకయే పెరుగును.

రెండవది బరువును అమర్చు పద్ధతి. ఎద్దుబండి తోలినవారికి ఇది చెప్పనక్కరలేదు. వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచునని వారెరుగుదురు. మూడు చక్రముల బండికి ముందున్న ఒంటిచక్రమే కాడి. మెరక ఎక్కునపుడు బరువు తనంతట తానే వెనుకకు వ్రాలును. ముందుచక్రము తేలికగును. హ్యాండిలు త్రిప్పినను బండి తిరుగదు. తెనాలి నిమ్మకాయల బస్తాలైనను, నిజాంపట్నము నుండి వచ్చు చేపల పెట్టెలైనను, బరువైనవానిని అడుగున, వెనుక ఇరుసుకు ముందుగా ఉంచి, జారకుండ త్రాటితో బిగింపవలెను. మంచుగడ్డలు వేసిన పెట్టెలలో కరగిన నీరు మెరకపై వెనుకకు పారును. ఆ నీరును ముందే తీసివేయుట మంచిది. టాపుపై బస్తాలు వేయుట ఏనాడును పనికిరాదు.

మూడవది ఎక్కు పద్ధతి. మెరకకు కొంత దూరమున నుండియే బండిని మితమైన వేగమునకు తెచ్చి, ఆ వేగమును తగ్గింపక, పెంపక, నిదానముగా ఎక్కవలెను. గంటకు పది, పండ్రెండు కిలోమీటర్లు చాలును. ఇరువదికి పెంచినచో మోటారుపై భారము రెండింతలగును. అట్లని నత్తనడక నడిపినను కీడే. మోటారు తిరుగుట దాదాపు ఆగి, విద్యుత్తు మాత్రము ప్రవహించుచుండిన వేడి మిక్కిలి త్వరగా పెరుగును. ముందు లారీ ఆగియున్నచో, దాని వెనుక మెరక నడుమకు పోయి నిలువక, క్రిందనే ఆగి, దారి విడినపిమ్మట ఎక్కవలెను. కొందరు మెరకపై బ్రేకు వేయక, ఎక్సలేటరునే కొంచెము పట్టి బండిని కదలకుండ నిలిపియుంచెదరు. ఇది నేర్పుగా కనబడును. కాని మోటారును మాడ్చుటకు ఇంతకంటె దగ్గరి దారి లేదు.

సైకిలు తొక్కువారు మెరకపై శ్రమ తగ్గించుకొనుటకు అటునిటు వంకరగా ఎక్కుట మీరు చూచియుందురు. మూడు చక్రముల బండితో అట్లు చేయరాదు. ముక్కాలిపీటను తలచుకొనుడు. అది ఎగుడుదిగుడు నేలపై కూడ కదలక నిలుచును. కాని రెండు కాళ్ళ నడుమ ఎవరైన బరువు వేసిరా, అటే ఒరిగి పడును. ఈ బండియు అట్టిదే. నిట్టనిలువుగా ఎక్కునంతవరకు భయము లేదు. కట్టవాలున అడ్డముగా త్రిప్పితిమా, పల్లపువైపునకు ఒరుగును.

నాలుగవది, బండి నిలిచిపోయినచో చేయవలసిన పని. మొదట ఎక్సలేటరు విడిచి, కాలిబ్రేకు తొక్కి, చేతిబ్రేకు లాగవలెను. తరువాత వెనుకనున్నవారిని తొలగుడని కేక వేయవలెను. ఎక్కినవారు దారికి ఎడమప్రక్కగా ఒక్కరొక్కరే దిగవలెను. వెంటనే వెనుకచక్రమునకు అడ్డు పెట్టవలెను. ఇందుకై మూరెడు చెక్కదిమ్మ నొకదానిని బండిలో త్రాటికి కట్టి ఉంచుకొనుడు. ఆనాడు మాకు రాయి దొరకుట అదృష్టము. అదృష్టమును నమ్ముకొని బండి తోలరాదు. పిమ్మట బరువు దింపి బండిని ఎక్కింపవచ్చును. లేదా ఒకరు వెనుక నిలిచి దారి చూపగా నిదానముగా, తిన్నగా వెనుకకు దింపవచ్చును. మెరక నడుమ వెనుకకు మరలించుటకు మాత్రము యత్నింపరాదు.

బ్రేకు సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. మెరకపై ముందుచక్రము తేలికగా నుండుటచే ముందుబ్రేకు బండిని పట్టలేదు. వెనుకబ్రేకులే దిక్కు. ప్రతి ఉదయమును చదునునేలపై చేతిబ్రేకు వేసి, ఇద్దరు కలిసి బండిని వెనుకకు నెట్టి చూడుడు. కదలినచో ఆనాడు వంతెన ఎక్కక ముందే మెకానిక్కు వద్దకు పోవలెను.

ఐదవది దిగుట. ఎక్కుటలో భయపడువారు కూడ దిగునపుడు ధైర్యముగా నుందురు. మోటారు వేగమునకు చట్టమున హద్దు కలదు. పల్లమునకు హద్దు లేదు. మూడు మీటర్ల ఎత్తు నుండి బ్రేకు వేయక జారిన బండి, రాపిడిని లెక్కింపనిచో, క్రిందికి వచ్చుసరికి గంటకు సుమారు 27 కిలోమీటర్ల వేగమును అందుకొనును. వంతెన దిగినంతనే కట్ట వెంట మలుపు, మలుపు ప్రక్కన నీరు అని మొదట చెప్పితిని. ఆ మలుపులో బ్రేకు వేసినచో బరువంతయు ఒంటిచక్రము వైపునకు, అనగా ముక్కాలిపీట సన్నని కొన వైపునకు వ్రాలును. తిరుగుచున్న బండి వెలుపలికి ఒరుగును. పైబరువు తోడైనచో పల్టీ కొట్టుటకు అది చాలును. కావున బ్రేకు వంతెన నడిమి నుండియే వేయ నారంభింపవలెను. దారి తిన్నగా నున్నంతలోనే వేగము మనిషి నడకకు వచ్చునట్లు చేసి, అటుపిమ్మట హ్యాండిలు త్రిప్పవలెను. తిన్నగా నున్నపుడు బ్రేకు, మలుపులో నిదానము. ఇది కంఠస్థము చేయదగిన మాట.

వానకాలమున నల్లరేగడి బురద చక్రములతో కట్ట నుండి వంతెనపైకి వచ్చి జారుడుగా పరచుకొనును. నీటిలో తడిసిన బ్రేకు వెంటనే పట్టదు. నీరు దాటినపిమ్మట రెండు మూడు మారులు మెల్లగా తొక్కి ఆరబెట్టవలెను. కోతల కాలమున రైతులు ధాన్యమును దారిపై ఆరబోయుదురు. వంతెన వాలున గింజలపై పోవు చక్రము గోళీలపై పోవునట్లు జారును. రైతుసోదరులు కనీసము వంతెన వాలులనైన విడిచిపెట్టవలెనని నా ప్రార్థన. ఇక పెనుమూడి వారధి వంటి పొడవైన వంతెనపై ప్రక్కగాలి బలముగా వీచును. టాపుగల తేలికబండి ఆ గాలికి పడవ తెరచాపవలె ఊగును. పైగా అది లారీల దారి. గాలివానలోను, చీకటిలోను ఆ వంతెనపైకి బ్యాటరీ రిక్షాతో పోకుండుటయే క్షేమము. వెనుకదీపము లేని బండి అచ్చటికి ఎన్నడును పోరాదు.

ఇంతవరకు చెప్పినదానిలో నిలిచిపోయినపుడు దిగుడని పలుమారులు అంటిని. దిగలేనివారి మాట ఏమి? నడువలేనివారు తామే నడుపుకొను బ్యాటరీ బండ్లను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 1972లో కాన్పూరున ఏర్పడిన భారత కృత్రిమావయవ నిర్మాణ సంస్థ ఇట్టి బండ్లను తయారు చేయుచున్నది. కేంద్రప్రభుత్వ పథకము క్రింద అవి అర్హులకు అందుచున్నవి. ఇంటి గడప దాటలేని మనిషిని ఆ బండి బజారునకు, పాఠశాలకు, పనికి తీసికొనిపోవుచున్నది. ఇది చిన్న మేలు కాదు. కాని దాని మోటారు చిన్నది. ఒక్క మనిషికి తగినది. దానిపై ఇంకొకరిని ఎక్కించుకొని మెరక పోవుట, వెనుక సరకు కట్టుకొని పోవుట మిక్కిలి అపాయకరము. ఆ సోదరులకు నా సలహా: క్రొత్త దారికి మొదటిమారు తోడు మనిషితో పోయి చూడుడు. దూరమైనను మెరక తక్కువగల దారినే ఎన్నుకొనుడు. ఎక్కునపుడు నడుము కొంచెము ముందునకు వంచి కూర్చుండుడు. బ్యాటరీ సగము తగ్గినపిమ్మట వంతెన ఎక్కకుడు. నిలిచిపోయినచో సిగ్గుపడక కేక వేయుడు. మన ప్రాంతమున వంతెనపై మనుష్యులకు కొదువ లేదు. ఆ కేక విన్నవారు బండిని వెనుకనుండి పట్టి, అడిగినపిమ్మటనే నెట్టవలెను. అడుగక నెట్టినచో హ్యాండిలు అదుపు తప్పును.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు పోవు వారికిని ఒక మాట. ఘాటురోడ్డు మన కాలువ వంతెన వంటిది కాదు. వంతెనపై మోటారు ఒక్క నిమిషము శ్రమించి విశ్రమించును. కొండదారిపై ఆ విశ్రాంతి లేదు. దిగునపుడు బ్రేకులకును విశ్రాంతి లేదు. చదునునేలకై చేసిన బ్యాటరీ రిక్షాను కొండక్రిందనే విడిచి, కొండపైకి తగిన బస్సులో పోవుటయే భక్తికిని, బుద్ధికిని లక్షణము.

బండి నడుపువారికి ఇన్ని చెప్పి దారులు వేయువారికి ఏమియు చెప్పకుండుట న్యాయము కాదు. చదునుప్రాంతములలో దారి ముప్పది అడుగులకు ఒక అడుగు కంటె నిటారుగా లేవకుండుట మేలని, తప్పనిచోట ఇరువదికి ఒకటి వరకు పోవచ్చునని భారత రహదారుల మహాసభ ప్రమాణములు చెప్పుచున్నవి. పాత కాలువ వంతెనను తిరిగి కట్టునపుడెల్ల ఈ ప్రమాణమును పాటింపవలెను. పడవ రాని కాలువపై పడవ ఎత్తు దేనికి? వాలు ముగిసినచోటికిని మలుపు మొదలగు చోటికిని నడుమ రెండు బండ్ల పొడవున చదునునేల విడిచినచో, కట్టవైపున గట్టి గోడ కట్టినచో, ఎన్ని ప్రాణములకో అది కాపుదలయగును. నడువలేనివారికై ప్రభుత్వ భవనముల వద్ద కట్టు వాలుదారి పండ్రెండడుగులకు ఒక అడుగు కంటె నిటారుగా నుండరాదని నియమము కలదు. ఆసుపత్రి మెట్ల ప్రక్కన పేరునకు ఒక వాలు పోసినంతమాత్రమున పని ముగియదు.

చివరగా ప్రయాణికులమైన మన మాట. పూర్వము రిక్షా వంతెన దగ్గరకు వచ్చినంతనే ఎక్కినవారు దిగి నడచెడివారు. రిక్షావాడు దిగి లాగుచుండ, బరువైన సంచిని తామే పట్టుకొని, అవతల మరల ఎక్కెడివారు. ఎద్దులకు ఆయాసమని బండిలోని పెద్దలు కట్టవద్ద దిగెడివారు. దానిని మనము దయ యనుకొంటిమి. దయయే. కాని ఆ దయలో క్షేమము కూడ కలదు. బరువు తగ్గినది, బండి ఎక్కినది, వెనుకనున్నవారు బ్రతికిరి. మోటారు వచ్చినపిమ్మట దయకు పని లేదనుకొని దిగుట మానితిమి. దానితో క్షేమమును కూడ విడిచితిమి. మోటారు రొప్పదు. నిజమే. కాని దానిని నడుపు కుఱ్ఱవాడు నలుగురికి బదులు ఆరుగురిని ఎక్కించుకొనుట అప్పు తీర్చుకొనుటకు. బండి నిలిచినచో ఆ భారము అతనిదే, నింద అతనిదే. వెనుక సైకిలుపై వచ్చు పిల్ల మన ఇంటి పిల్లయే కావచ్చును.

ఆ సాయంకాలము మేమందరము వంతెన నడచి దాటితిమి. ఖాళీబండి తేలికగా ఎక్కివచ్చినది. నడచినది ఏబది గజములు. పట్టినది రెండు నిమిషములు. అప్పటి నుండి, బండి నిండియున్నపుడు వంతెన మొదట “కొంచెము ఆపు నాయనా, దిగెదను” అనుట నాకు అలవాటైనది. ఒకరు దిగిన మరియొకరు దిగుదురు. డ్రైవరు మొగమున కనబడు తేరిక చూచినచో, ఆ బండిలో రొప్పునది ఏదో ఉన్నదని మీకును తోచును.